ల్యాబు లేని బడిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సైన్సు ప్రయోగాలు చేయించడం ఎలా?

కొత్తగా ఉద్యోగంలో చేరానని, తరగతికి 50 మంది పిల్లలని, పీరియడ్ 45 నిమిషాలేనని, ల్యాబు గదిలో పగిలిన బీకర్లు తప్ప మరేమీ లేవని రాశారు. ఈ పరిస్థితిలో భౌతిక, రసాయన పాఠాలను పిల్లల చేత చేయించి చెప్పడం సాధ్యమేనా, దేనితో మొదలుపెట్టాలి అని మీ ప్రశ్న.

ప్రకాశం జిల్లా పల్లెల్లో పద్దెనిమిదేళ్ళుగా ఈ పాఠాలే చెబుతున్నాను. సాధ్యమే. కాకపోతే మొదటి రెండేళ్ళు నేను చేసినవి ప్రయోగాలు కావు, గారడీలు. బల్ల దగ్గర నిలబడి నేను చేసి చూపించేదాన్ని. పిల్లలు చప్పట్లు కొట్టి, పుస్తకంలోని వాక్యాన్ని ముక్తకంఠంతో అప్పజెప్పేవారు. వారం తర్వాత అడిగితే మౌనమే.

నా కళ్ళు తెరిపించింది ఒక కూల్‌డ్రింక్ సీసా. ద్రవాల్లో లోతు పెరిగే కొద్దీ పీడనం పెరుగుతుందని చూపడానికి సీసాకు ఒకదాని కింద ఒకటిగా మూడు రంధ్రాలు చేసి నీళ్ళు పోస్తాం కదా. అన్నిటికంటే కింది రంధ్రం ధార ఎక్కువ దూరం పడుతున్నట్లు గీసిన బొమ్మలు మీరూ చూసే ఉంటారు. ఆ బొమ్మను నమ్మి, ఇంట్లో ఒక్కసారైనా చేసి చూసుకోకుండా తరగతికి వెళ్ళాను. సీసాను బల్ల మీద పెట్టి నీళ్ళు వదిలితే మధ్య ధార ముందుకు పోయింది. కిందిది సీసా పక్కనే చతికిలబడింది. "టీచర్, తప్పు బొమ్మదా, సీసాదా?" అని ముందు వరుసలో ఒక అమ్మాయి అడిగింది. రంధ్రాలు సరిగా పడలేదని చెప్పి తప్పించుకున్నాను. ఇంటికి వెళ్ళినా ఆ ప్రశ్న వదల్లేదు.

నిజానికి రంధ్రాలు బాగానే పడ్డాయి. కింది రంధ్రం నుంచి నీరు అన్నిటికంటే వేగంగానే వస్తుంది, పీడనం అక్కడే ఎక్కువ. కానీ అది బల్లకు మరీ దగ్గరగా ఉంటుంది కాబట్టి నాలుగడుగులు వేసే లోపే నేలకు తగులుతుంది. పై రంధ్రం ధారకు కిందికి పడే సమయం ఉంది, వేగం లేదు. మధ్యదానికి రెండూ తగుమాత్రంగా ఉన్నాయి, అందుకే గెలిచింది. ఇప్పుడు అదే సీసాను, అందులోని నీటి మట్టం కంటే ఎత్తైన స్టూలు అంచున పెట్టి ధారలు నేల మీద పడేలా చూడండి. కింది ధారే అందరికంటే దూరం పోతుంది. మర్నాడు పిల్లల ముందు ముందురోజు చెప్పిన అబద్ధాన్ని ఒప్పుకుని, రెండు విధాలా చేయించాను. ఆ అమ్మాయి తీర్పు ఇదీ: "అయితే బొమ్మలో స్టూలు గీయడం మరిచిపోయారు."

ఈ ప్రయోగం చేసేటప్పుడు రంధ్రాలు మూడూ ఒకే మేకుతో చేయాలి. మేకు కాల్చే పని మీదే, పిల్లలకు ఇవ్వకండి. మూడింటినీ ఒకే టేపుతో మూసి ఒక్కసారిగా లాగాలి, సీసా మూత తీసి ఉండాలి. ఒకే రంధ్రం ఉన్న సీసాకు మూత బిగిస్తే కాసేపటికి ధార ఆగిపోతుంది. అది గాలి పీడనం పాఠానికి దాచుకోండి.

ఆ రోజు నుంచి ఒక్క నియమం పెట్టుకున్నాను. ఏ ప్రయోగమైనా చేసే ముందు ఏం జరుగుతుందో ప్రతి ఒక్కరూ నోటుబుక్కులో రాయాలి. పెన్సిలు పనికిరాదు, పెన్నుతోనే. తప్పయితే కొట్టివేయకూడదు, మార్కులు తగ్గించను. మొదట్లో పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూసి రాస్తారు. నాలుగు ప్రయోగాలయ్యాక, తరగతిలో ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్లవాడి ఊహ కూడా తప్పడం చూశాక, వెనక బెంచీలకు ధైర్యం వస్తుంది.

మీరు మాత్రం సీసాతో మొదలుపెట్టకండి, పసుపుతో మొదలుపెట్టండి. ఖర్చు లేదు, మంట లేదు, పిల్లలకు సగం తెలిసిన విషయమే. పసుపును నీళ్ళతో ముద్దగా కలిపి తెల్ల కాగితానికి పూసి ఆరబెట్టి ముక్కలుగా కత్తిరించండి. పెళ్ళిలో పారాణి ఎందుకు ఎర్రగా ఉంటుంది, దిష్టి తీసే ఎర్రనీళ్ళలో ఏం కలుపుతారు అని అడిగితే ఆడపిల్లలు ముందుగా చెబుతారు, పసుపు, సున్నం అని. చొక్కా మీద సాంబారు మరకకు సబ్బు రాస్తే ఎర్రబడటం అందరూ చూసినదే. కాబట్టి సబ్బునీళ్ళు, వంట సోడా, సున్నపు తేట వేస్తే కాగితం ఏమవుతుందో సరిగ్గానే ఊహిస్తారు. ఎర్రబడిన చోట నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపు రంగు వస్తుంది. ఇంతవరకు అందరికీ సంతోషం.

ఇప్పుడు కొత్త పసుపు కాగితం మీద నిమ్మరసం వేయించండి. ఏ మార్పూ ఉండదు. పక్కన మంచినీళ్ళ చుక్క వేయించండి, అదీ అంతే. "మరి నిమ్మరసం, మంచినీళ్ళు ఒకటేనా?" అని అడిగి కాసేపు నోరు మూసుకోండి. ఆ నిశ్శబ్దాన్ని భరించడం మన ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని. పసుపు క్షారాన్ని మాత్రమే పట్టిస్తుందని, ఆమ్లాన్ని పట్టించే మరొకటి కావాలని వాళ్ళే చెప్పాలి. అప్పుడు వేడినీళ్ళలో నానబెట్టిన ఎర్రమందార రసం బయటికి తీయండి. నిమ్మరసంతో అది ముదురు గులాబీ రంగుకు, సబ్బునీళ్ళతో ఆకుపచ్చకు తిరుగుతుంది. ఆమ్లమో క్షారమో రంగు మారి చెప్పే సూచిక అంటే ఏమిటో నిర్వచనం రాయించకుండానే వాళ్ళకు అర్థమైపోతుంది.

నీళ్ళ పళ్ళెంలో కొవ్వొత్తి వెలిగించి గ్లాసు బోర్లించే ప్రయోగం విషయంలో జాగ్రత్త. ఆక్సిజన్ ఖర్చయిపోయింది కాబట్టి, గాలిలో అది అయిదో వంతు కాబట్టి, నీళ్ళు అయిదో వంతు పైకి లేస్తాయని మేము చదువుకున్నాం, మీరూ చదివి ఉంటారు. ఒక కొవ్వొత్తితో ఒకసారి, మూడు కొవ్వొత్తులతో ఒకసారి చేయించండి. మూడింటితో నీళ్ళు ఎక్కువ ఎత్తుకు వస్తాయి. గ్లాసు అదే, అందులోని ఆక్సిజన్ అంతే, మరి ఈ తేడా ఎక్కడిది? పిల్లల్ని గ్లాసు అంచు దగ్గర చూడమనండి. బోర్లించేటప్పుడు బుడగలు బయటికి పోతాయి, నీళ్ళు గబగబా ఎక్కేది మంట ఆరిన తర్వాత. వేడికి వ్యాకోచించిన గాలి కొంత బయటికి పోయింది, మిగిలినది చల్లబడి కుంచించుకుంది, బయటి గాలి నీటిని లోపలికి నెట్టింది. ఆక్సిజన్ పూర్తిగా అయిపోక ముందే కొవ్వొత్తి ఆరిపోతుంది కూడా.

లోలకానికి రాయి, దారం చాలు. మీటరు పొడవుతో 20 డోలనాలకు సుమారు 40 సెకన్లు పడుతుంది. పొడవు నాలుగో వంతు చేస్తే 10 సెకన్లని తరగతంతా రాస్తుంది. వచ్చేది 20. విద్యుత్తుకు ఎర్ర ఎల్‌ఈడీ, 1.5 వోల్టుల టార్చి సెల్లులు రెండు, మధ్యలో 100 ఓముల నిరోధం తీసుకోండి. ఒక సెల్లుతో వెలగదు, రెండింటితో వెలుగుతుంది, కాళ్ళు తారుమారు చేస్తే ఆరిపోతుంది. ప్లగ్గుల జోలికి ఎవరూ వెళ్ళకూడదని మాత్రం గట్టిగా చెప్పండి. గాఢ ఆమ్లాలు వద్దు. సున్నం ముద్దగా ఇవ్వకండి, కంట్లో పడితే చూపుకే ముప్పు. రాత్రి నానబెట్టి, పైన తేరిన నీటిని మాత్రమే మీరే వంచి పంచండి.

యాభై మందిని అయిదుగురేసి జట్లుగా విడదీసి, జట్టుకొక అట్టపెట్టె ఇవ్వండి. నీళ్ళతో పని ఉన్న రోజు చెట్టు కిందికి తీసుకెళ్ళండి. గోల ఉంటుంది, పక్క తరగతి టీచరుకు ముందే చెప్పి ఉంచండి. ఇదేదో నా సొంత పైత్యం అనుకుంటారేమో. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 గ్రామీణ బడులలో మొదలైన సైన్సు బోధన కార్యక్రమం 2002 వరకు ఇలాగే నడిచింది. అక్కడ పరీక్షకు పిల్లలు పుస్తకాలు తెరిచి పెట్టుకునే కూర్చునేవారు. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబులతో బొమ్మలు చేసే అరవింద్ గుప్తాకు కూడా ఆ పని అక్కడే అబ్బింది.

సిలబస్ సంగతి దాచను. మొదటి ఏడాది ఒకటిన్నర పాఠం వెనకబడ్డాను, శనివారాలు మధ్యాహ్నం కూర్చోబెట్టి పూర్తిచేశాను. ఇప్పుడు నెలకు రెండు పెద్ద ప్రయోగాలే, మిగతావి పది నిమిషాల్లో ముగిసేవి. ఇక మందార పూలు ఇంటి నుంచి తెమ్మని ముందురోజే చెప్పండి. నేను చెప్పడం మరిచిపోయిన ఏడాది ప్రధానోపాధ్యాయుల గది ముందున్న చెట్టు ఒక్క పీరియడ్‌లో బోడి అయింది, సంజాయిషీ నేనే ఇచ్చుకున్నాను.