దుబాయ్ నుంచి ఇంటికి డబ్బు పంపుతున్నారా? రేటు కన్నా ముందు ఇవి చూసుకోండి

"గూగుల్‌లో ఒక రేటు ఉంది, ఎక్స్ఛేంజ్‌లో ఇంకోటి ఇస్తున్నారు, మోసమా అన్నా?" కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. మోసం కాదు. గూగుల్ చూపించేది పెద్ద బ్యాంకులు తమలో తాము కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య రేటు, అది మామూలు మనిషికి దాదాపు దొరకదు. దానికంటే ఎన్ని పైసలు తగ్గించి ఇస్తున్నారో చూడండి, వాళ్ళ లాభం ఉండేది అక్కడే.

జీరో ఫీజు బోర్డు చూసి వెంటనే సంబరపడకండి, అలాగని కొట్టిపారేయకండి కూడా. లెక్క కోసం ఒకచోట ఫీజు లేకుండా దిర్హానికి 23.80 రూపాయలు, ఇంకోచోట 15 దిర్హాల ఫీజుతో 23.95 ఇస్తున్నారనుకుందాం. 2000 దిర్హాలు పంపితే మొదటిచోట 47,600 రూపాయలు, రెండోచోట 47,540. అదే 5000 పంపితే రెండోచోటే 390 రూపాయలు ఎక్కువ వస్తాయి. అందుకే కౌంటర్లో రేటెంత అని కాదు, "ఇన్ని దిర్హాలు కడితే ఇంటి ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయి" అని అడగండి.

దిర్హం పెరుగుతుందని నెలల తరబడి ఆగేవాళ్ళున్నారు. అసలు దిర్హాన్ని 1997 నుంచి డాలరుకి 3.6725 దగ్గర కట్టేశారు, సౌదీ రియాల్ కూడా 3.75 దగ్గర అలాగే ఉంది. కాబట్టి ఇక్కడ దిర్హం పెరిగిందంటే అక్కడ డాలరు ముందు రూపాయి పడిందని అర్థం. అది ఎప్పుడు పడుతుందో నాకు తెలీదు, మీ రూమ్‌లో జోస్యం చెప్పే ఆయనకీ తెలీదు. పైగా చాలామంది ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి అప్పు చేసి వచ్చినవాళ్ళే కదా. యాభై వేలు తీర్చకుండా నెల ఆపితే వెయ్యి రూపాయలు వడ్డీకే పోతాయి. పై లెక్కన ఆ యాభై వేలకి సరిపడే సుమారు 2100 దిర్హాల మీద రేటు 20 పైసలు పెరిగినా మీకు మిగిలేది 420 రూపాయలు. అప్పున్నవాళ్ళు జీతం రాగానే పంపేయండి, రేటు చూసుకుంటూ కూర్చోవడం అప్పులేని వాళ్ళ సరదా.

ఇంకో మాట. ఇండియా కార్డు గీకినప్పుడు మెషీన్ రూపాయల్లోనా దిర్హాల్లోనా అని అడిగితే దిర్హాలే నొక్కండి. రూపాయలు నొక్కితే సాధారణంగా ఆ మెషీన్ వాళ్ళ సొంత రేటు పడుతుంది, అది మీ బ్యాంకు రేటు కన్నా దారుణంగా ఉంటుంది. ఎయిర్‌పోర్ట్ కౌంటర్లో టాక్సీకి సరిపడా మార్చుకుంటే చాలు.

ఎవరో రూమ్‌మేట్ "హుండీలో పంపు, రేటు బాగా ఎక్కువ" అంటాడు. హుండీ అంటే బ్యాంకూ ఎక్స్ఛేంజ్ లేకుండా ఏజెంట్ల చేతుల మీదుగా డబ్బు పంపడం. అది మన దేశంలో ఫెమా, అంటే విదేశీ మారకపు చట్టానికి విరుద్ధం. పైగా ఆ డబ్బు మీ నాన్న ఖాతాలోకి ఎవరి ఖాతా నుంచి వస్తుందో మీకు తెలీదు. అది సైబర్ మోసం డబ్బయితే పోలీసులు ఖాతా ఫ్రీజ్ చేయిస్తారు, అప్పుడు స్టేషన్ చుట్టూ తిరగాల్సింది పెద్దాయనే.