ట్యాంకులో పడిన సెన్సర్ రింగు: దాన్నే కన్నం దగ్గరికి రప్పించాలి

మోటర్‌హోమ్ (లోపలే ఉండి ప్రయాణించే ఇల్లులాంటి బండి) మంచినీళ్ల ట్యాంకుకు, నీళ్లెంత ఉన్నాయో చూపే లెవెల్ సెన్సర్ మారుద్దామని పైనున్న అయిదు స్క్రూలూ విప్పేశారు. సెన్సర్ చేతికొచ్చింది, లోపలున్న స్టీలు రింగు మాత్రం ట్యాంకులోకి జారిపోయింది. అయస్కాంతం దించితే అంటుకోవడం లేదు. దాన్ని తీయాల్సిందేనా, అలాగే వదిలేసి కొత్త రింగు వేసుకోవచ్చా అని అడిగారు.

తీయాల్సిందే. ట్యాంకు కోయకుండానే తీయొచ్చు కూడా. ఈలోగా పంపు స్విచ్ జోలికి మాత్రం వెళ్లకండి.

ఇదే పని నేనూ చేశాను. మొదటి నాలుగు స్క్రూలు తీసేదాకా ఏమీ కాలేదు. అయిదోది ఊడగానే లోపల 'టింగ్' మని ఒక చప్పుడు, ఆ వెనకే ఏదో జరజరా జారిన చప్పుడు. స్క్రూలన్నీ పట్టుకుని ఉండేది ట్యాంకు గోడను కాదు, ఆ గోడకు లోపలి వైపున్న రింగునే అని నాకు అప్పుడు తెలిసింది. అయిదు కన్నాల సెన్సర్ల పద్ధతే అది. పైన సెన్సర్ అంచు, కింద మరలున్న రింగు, మధ్యలో ట్యాంకు గోడా, నీళ్లు కారకుండా వేసే రబ్బరు గాస్కెట్టూ శాండ్‌విచ్‌లా బిగుసుకుని ఉంటాయి. రింగు పూర్తి గుండ్రంగా ఉండదు, ఒకచోట తెగి ఉంటుంది. ఆ తెరిపి ఉంది కాబట్టే తనకంటే చిన్న కన్నంలోంచి తిప్పుకుంటూ లోపలికి పంపగలిగారు. ఈ తెరిపిని గుర్తుపెట్టుకోండి, బయటికి తీసేటప్పుడు మనకు దారి ఇదే.

వదిలేస్తే ఏమవుతుందంటే, స్టెయిన్‌లెస్ రింగు నీళ్లలో కరిగిపోదు, విషమూ కాదు. కానీ బండి మలుపు తిరిగినప్పుడల్లా, బ్రేకు వేసినప్పుడల్లా అది ట్యాంకు అడుగున అటూ ఇటూ జారుతుంది. రాత్రి పడుకున్నాక ఎవరైనా మంచం మీద అటు నుంచి ఇటు దొర్లితే చాలు, కిందనుంచి గలగలమంటుంది. అంతకంటే చికాకు, అది పోయి నీళ్లు బయటికి లాగే నోటి మీద వాలితే పంపు ఆగకుండా ఆడుతుంది, కుళాయిలో ధార సన్నబడుతుంది. పంపుకు ముందు సాధారణంగా జల్లెడ ఉంటుంది కాబట్టి చిన్న వాషరో, స్క్రూ ముక్కో పంపు లోపలిదాకా పోదులెండి. కానీ రింగుతోపాటు గాస్కెట్టు ముక్క కూడా ఊడిపడి ఉంటే అది మెత్తటిది, నోటికి అతుక్కుపోతుంది. ఇక పడింది మామూలు ఇనుప స్క్రూ అయితే తుప్పు పట్టి నీళ్లను ఎర్రబారుస్తుంది. పంపు వేయొద్దన్నది ఇందుకే.

నేను చేసిన మొదటి తప్పు, చప్పుడు వినగానే అయస్కాంతం కోసం పరిగెత్తడం. టెలిస్కోపులా సాగే కడ్డీకి కట్టిన గట్టి అయస్కాంతం అది. ఒక గంటసేపు ట్యాంకు అడుగంతా తడిమాను, ఏమీ రాలేదు. 304, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు అయస్కాంతం దాదాపుగా పట్టదు, ఇత్తడికి అసలే పట్టదు. వదులైన ఒక స్క్రూ మీ జేబులో ఉంటే అయస్కాంతం దాని దగ్గర పెట్టి చూడండి. అది పట్టకపోతే రింగు కూడా పట్టకపోవచ్చు, గంట మిగులుతుంది.

రెండో తప్పు దీనికంటే పెద్దది. రింగు ఎక్కడుందో చూడకుండానే దాని దగ్గరికి పోవాలని చూశాను. పొడుగాటి నాలుగు గోళ్ల పికప్ టూలు తెచ్చి చీకట్లో కలబెట్టాను. రింగు సెన్సర్ కన్నం కింద ఉండనే లేదు, ట్యాంకు అవతలి కొసకు పోయి అడ్డగోడ వెనకాల పడుకుంది. నీళ్లు ఒక్కసారిగా ఊగకుండా కొన్ని ట్యాంకుల్లో ఇలాంటి అడ్డగోడలు పెడతారు, బ్యాఫిల్ అంటారు. అడుగున నీళ్లు పారడానికి ఒక సందు వదులుతారు. రింగు ఆ సందులోంచి దూరి అటు పోయింది. అంత దూరం వంగి, అడ్డగోడ దాటి, అక్కడ రింగును పట్టుకుని మళ్లీ అదే దారిన వెనక్కి రాగల పనిముట్టు ఏదీ లేదు. ఉందని ఎవరైనా అంటే వాళ్లు ఇంకా ప్రయత్నించలేదన్నమాట.

అప్పుడు కుదురుగా కూర్చుని ఆలోచిస్తే తట్టింది. జారి పోయినది మళ్లీ జారి రాగలదు. వంచాల్సింది కడ్డీని కాదు, బండిని.

ముందు నీళ్లన్నీ వదిలేయండి. లీటరుకు కిలో బరువు, 100 లీటర్ల ట్యాంకు అంటే 100 కిలోలు, ఆ బరువుతో బండిని ఎత్తూ పల్లం చేయడం అనవసరం. తర్వాత రింగు ఎక్కడుందో చూడాలి. ఫోనుకు తగిలించే తీగ కెమెరా మంచిదే, కానీ దాని చివరున్న దీపాల వెలుగు తెల్లటి ప్లాస్టిక్ మీద, తడి మీద పడి కళ్లు చెదిరేలా తిరిగి కొడుతుంది. నేను అనుకోకుండా కనిపెట్టింది ఇంకొకటి ఉంది. రంగు వేయని పాలీఎథిలీన్ ప్లాస్టిక్ ట్యాంకు అయితే దాని గోడ కొంచెం వెలుగును లోపలికి రానిస్తుంది. కెమెరా దీపాలు ఆర్పేసి, బయట గోడకు గట్టి టార్చి ఆనించి పెట్టండి. ట్యాంకంతా లాంతరులా వెలుగుతుంది. ఆ తెల్లటి వెలుగులో అడుగున రింగు నల్లటి అర్ధచంద్రంలా స్పష్టంగా కనపడుతుంది. నేను దాన్ని మొదటిసారి అలాగే చూశాను, తెరిపి అటువైపుకు తిరిగి ఉంది.

ఇక వంచడం. నా ట్యాంకులో సెన్సర్ కన్నం వెనక వైపు, రింగు ముందు వైపు. కాబట్టి ముందు చక్రాలు రెండూ, బండిని సమతలంగా నిలబెట్టుకోవడానికి వాడే ర్యాంపుల మీదికి ఎక్కించాను. వెనక చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టాను, చేతి బ్రేకు వేశాను. ర్యాంపుల మీద ఉన్న బండి కిందికి మాత్రం దూరకండి, పని లోపలి నుంచే చేయండి. మీ కన్నం ఎటు ఉందో చూసుకుని అటు పల్లం చేసుకోవాలి.

నేననుకున్నట్టు రింగు జరజరా రాలేదు. తడి ప్లాస్టిక్ మీద చదునైన స్టీలు ముక్క పడితే మధ్యలో నీటి పొర చేరి అద్దంలా అతుక్కుంటుంది. బండి ఎంత వాలినా కదల్లేదు. చివరికి నీళ్లు నింపే గొట్టంలోంచి ఓ రెండు బకెట్ల నీళ్లు ఒక్కసారి గుమ్మరించి, అవి పారుతుండగా ట్యాంకు పక్కగోడ మీద అరచేత్తో చరుస్తూ పోయాను. మూడో చరుపుకో నాలుగో చరుపుకో కదిలింది. అడ్డగోడ సందులోంచి ఇవతలికి రావడానికి మాత్రం ఇంకో రెండుసార్లు నీళ్లు పోయాల్సి వచ్చింది. వచ్చి కన్నానికి జానెడు దూరంలో ఆగింది. అక్కడికి వచ్చాక ఇక గాలం పని.

బావిలో జారిన చేదను గాలంతో తీసినట్టే ఇదీ. దీనికి కొన్న పనిముట్ల కంటే ఇంటి వైరింగులో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల ఒంటి రాగి తీగే బాగా పనికొచ్చింది, పై తొడుగు తీయకుండానే వాడాను. వంచినట్టు వంగుతుంది, వంచిన చోటే నిలుస్తుంది, ట్యాంకును గీకదు. కొసను చిన్న కొక్కెంలా మడిచి, కొక్కేనికి రెండంగుళాల వెనక కెమెరాను టేపుతో చుట్టండి. అప్పుడు తీగ ఎటు తిరిగినా కొక్కెం ఎప్పుడూ తెర మీద కనపడుతూనే ఉంటుంది. కెమెరాను ఒక చేత్తో, తీగను ఒక చేత్తో పట్టుకుంటే మాత్రం కుడి ఎడమలు తారుమారై పిచ్చెక్కుతుంది.

రింగుకు అయిదు కన్నాలున్నాయి కదా, ఏదో ఒకదానికి తగిలించి లాగేయొచ్చు అనుకున్నాను. లాగాను, వచ్చింది, సెన్సర్ కన్నం అంచుకు అడ్డంగా తగిలి మళ్లీ కింద పడింది. చేతికి అందినట్టే అంది జారిపోతే వచ్చే కోపం మీకు చెప్పక్కర్లేదు. రింగు అడ్డంగా రాలేదు, ఎలా లోపలికి వెళ్లిందో అలాగే కొస ముందుగా బయటికి రావాలి. అందుకని తెరిపికి దగ్గరగా, ఒక కొసన ఉన్న కన్నానికే కొక్కెం తగిలించాలి. అలా తగిలిస్తే రింగు నిలువుగా వేలాడుతుంది, కొస పైకి ఉంటుంది. కొస సెన్సర్ కన్నం బయటికి తల పెట్టగానే లాగేయకుండా, ముందు ఆ స్క్రూ కన్నంలోంచి ఒక గట్టి దారం దూర్చి మణికట్టుకు కట్టుకోండి. ఆ తర్వాత ముక్కు పటకారుతో పట్టి, గాజు తీసినట్టు మెల్లగా చుట్టూ తిప్పుకుంటూ బయటికి తేవచ్చు. నాకు ఈ చివరి పని రెండు నిమిషాలు పట్టింది, దాని ముందున్నదంతా కలిపి ఒకటిన్నర రోజు.

మీ దగ్గర రింగుతోపాటు వాషర్లు, ప్లాస్టిక్ పొట్టు లాంటివి కూడా పడి ఉంటే, తడి పీల్చగల వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి ఒక సన్నటి తోట గొట్టం టేపుతో కలిపి, చేరిన చోట మధ్యలో పాత నైలాన్ మేజోడు గుడ్డ పెట్టండి. పీల్చినవన్నీ ఆ గుడ్డలో చిక్కుతాయి, ఏమేం వచ్చాయో లెక్క చూసుకోవచ్చు. పడింది పాలీప్రొపిలీన్ మూతో, పాలీఎథిలీన్ ముక్కో అయితే ఇంకా సుఖం. వాటి సాంద్రత నీళ్లకంటే తక్కువ, తేలతాయి. ట్యాంకును నింపి, కన్నం అన్నిటికంటే ఎత్తున ఉండేలా బండిని వంచితే అవే పైకి వస్తాయి. నైలాన్, రబ్బరు మాత్రం సాధారణంగా మునుగుతాయి.

ట్యాంకు కోసి, మరతో బిగించే తనిఖీ మూత పెట్టుకోమని మీకు ఎవరో సలహా ఇచ్చారన్నారు. నేనూ పెన్సిలుతో గీత దాకా వెళ్లి ఆగాను. అంతకుముందే ట్యాంకుకు తయారీవాళ్లు పెట్టిన పెద్ద మూత ఏదైనా ఉందేమో వెతకండి. చాలా ట్యాంకులకు చెయ్యి పట్టేంతది ఉంటుంది, సోఫా కిందో పలక కిందో దాగి ఉంటుంది. నిజంగా కోయాల్సే వస్తే పాలీఎథిలీన్‌కు ఏ జిగురూ నమ్మకంగా అంటదని గుర్తుంచుకోండి, గాస్కెట్టుతో బిగుసుకునే మూతే వేయాలి. డ్రిల్లు నెమ్మదిగా తిప్పాలి, వేగంగా తిప్పితే ప్లాస్టిక్ కరిగి తీగలు సాగుతుంది.

ఇదంతా మంచినీళ్ల ట్యాంకు సంగతి. పెట్రోలు ట్యాంకులో ఏదైనా పడితే ఇవేవీ చేయకండి. దాని ఆవిరి సున్నాకు చాలా కింది చలిలో కూడా అంటుకోగలదు, వాక్యూమ్ మోటారు నిప్పురవ్వ ఒక్కటి చాలు. కెమెరా, టార్చి కూడా దించొద్దు. అది తెలిసిన మెకానిక్ పని. మరుగుదొడ్డి ట్యాంకు అయితే చిన్న ముక్కను చాలావరకు వదిలేయొచ్చు, ఖాళీ చేసేటప్పుడు వాల్వు పలక పూర్తిగా మూసుకుంటోందో లేదో మాత్రం చూసుకోండి. అందులో తల పెట్టి చూడకండి, ఆ గాలి ప్రమాదం.

రింగు వచ్చాక తిరిగి బిగించేటప్పుడు మళ్లీ పడేయకుండా ఒక ఉపాయం. రెండు పొడుగాటి స్క్రూలు తీసుకుని రింగులోని రెండు కన్నాలకు పైనుంచి కొద్దిగా బిగించండి, అవే పిడుల్లా పనిచేస్తాయి. వాటితో రింగును గోడకు కిందనుంచి ఆనించి పట్టుకుని, మిగిలిన మూడు స్క్రూలూ బిగించాక ఒక్కొక్క పొడుగు స్క్రూ తీసి అసలుది వేయాలి. అయిదు కన్నాలూ సమాన దూరంలో ఉండవు, కాబట్టి ఒకే ఒక్క తీరులో కుదురుతాయి. కుదరకపోతే రింగును తిప్పి చూడండి, బలవంతం చేయొద్దు.

చేతులు, తీగలు, మేజోళ్లు అన్నీ తిరిగిన ట్యాంకు కాబట్టి శుభ్రం చేయకుండా తాగొద్దు. 5 శాతం గాఢత ఉన్న, వాసన కలపని బ్లీచు ద్రావణం లీటరు నీళ్లకు 1 మిల్లీలీటరు చొప్పున, అంటే 100 లీటర్లకు 100 మిల్లీలీటర్లు, ముందు బకెట్లో కలిపి ట్యాంకులో పోయండి. ఇది దాదాపు 50 పీపీఎం (పది లక్షల వంతుల్లో 50) క్లోరిన్ అవుతుంది. ఫిల్టరు కార్ట్రిడ్జ్ తీసేసి, కుళాయిలన్నీ క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి, నాలుగు గంటలు ఉంచి, వదిలేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగాలి.

మీరు ఇప్పుడు చేయాల్సింది టార్చి బయట ఆనించి కెమెరాతో చూడడం. రింగు ఏ కొసన ఉంది, మధ్యలో అడ్డగోడ ఉందా, రింగు తెరిపి ఎటు తిరిగి ఉంది, ఈ మూడూ రాయండి. బండిని ఎటు వంచాలో చెబుతాను.