ఆకాశంలో ఆ నిప్పుముద్ద ఏమిటి?

ప్రశ్న: మొన్న దీపాలు పెట్టే వేళ డాబా మీద బట్టలు తీస్తుంటే, పడమట ఆకుపచ్చగా ఓ నిప్పుముద్ద దూసుకెళ్లి రెండు మూడు సెకన్లలో ఆరిపోయింది. చెరువు వెనకే పడిందనిపించింది. అత్తయ్య అరిష్టమంటున్నారు, నాకేమో టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు, నంద్యాల

జవాబు: అదృష్టవంతులమ్మా మీరు! ఏళ్ల తరబడి ఆకాశం చూస్తున్న నాకే అలాంటిది అరుదుగా కంటబడింది. అది పెద్ద ఉల్క. శుక్రుడికంటే కాంతిగా వెలిగేవాటిని అగ్నిగోళాలంటారు. సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో వచ్చే రాయి ఎదురుగాలిని నొక్కేస్తుంది. ఆ వేడికి గాలీ రాయీ వెలుగుతాయి. ఆకుపచ్చ రంగు తరచుగా మెగ్నీషియం, నికెల్ వల్ల వస్తుంది.

చెరువు వెనక వెతక్కండి. అది ఆరిపోయేది పదుల కిలోమీటర్ల ఎత్తున. మీకు వంద కిలోమీటర్ల అవతల ఉన్నా అంత దగ్గరగానే కనిపిస్తుంది.

2022 ఉగాది సాయంత్రం మహారాష్ట్రలో కనిపించిన వెలుగుల వరుస వేరు. అది చైనా రాకెట్ శకలం. అలాంటివి నెమ్మదిగా, ముక్కలుగా, చాలాసేపు సాగుతాయి.

అత్తయ్యగారికి ధైర్యం చెప్పండి, ఇది అరిష్టం కానే కాదు. జాగ్రత్త మాత్రం ఒకటుంది. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద సుమారు 20 మీటర్ల రాయి పేలింది. వెలుగు చూసి జనం కిటికీల దగ్గరికొచ్చారు. నిమిషం దాటాక వచ్చిన అదురుకు అద్దాలు పగిలి, దాదాపు 1,500 మంది గాయపడ్డారు. కళ్లు చెదిరే మెరుపు కనిపిస్తే కిటికీకి దూరంగా జరగండి.

ఈసారి కనిపిస్తే టైమ్, దిక్కు వెంటనే రాసిపెట్టుకోండి. అంతర్జాతీయ ఉల్కా సంస్థ అలాంటి వివరాలు మనలాంటి మామూలు వాళ్ల నుంచే సేకరిస్తుంది.