నీళ్లలో తేలే ఆర్మీ బండ్లు తెచ్చి ఉంటే, 2021 వరదల్లో జనాన్ని స్వర్ణముఖి ఏరు దాటించేవి కదా?

దాటించేవి కావు. నేను చంద్రగిరి పక్క పల్లెవాణ్ణి. మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీలో పదిహేడేళ్లు చేసి హవల్దార్‌గా దిగిపోయాను. అందులో ఎక్కువ కాలం బీఎంపీ డ్రైవర్‌నే. బీఎంపీ అంటే జవాన్లను మోసుకుపోయే ఇనుప బండి, నీళ్లలో తేలుతుంది. ఆ బండి చేతకానిదని ఎవరైనా అంటే ఒప్పుకోను. తప్పు బండిది కాదు, మన ఏటిది.

ముందు ఒక మాట. టీవీ వాళ్లు ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టా) కనబడితే చాలు, ట్యాంకు అనేస్తారు. నిజమైన ట్యాంకు టీ-72. దాని బరువు 41 టన్నులు, అది తేలదు. గాలి గొట్టం పెట్టుకుని 5 మీటర్ల లోతు వరకు నది అడుగునే నడిచి పోతుంది. మా బీఎంపీ-2 సుమారు 14 టన్నులు. లోపలంతా బోలు కాబట్టి తేలుతుంది. దానికి ప్రొపెల్లర్ ఉండదు. ట్రాక్ తిరుగుతా నీళ్లను వెనక్కి తోస్తే బండి ముందుకు పోతుంది, గంటకు 7 కిలోమీటర్లు. అంటే సెకనుకు రెండు మీటర్లు కూడా రాదు. ఏరు అంతకంటే ఉరవడిగా ఉంటే బండి ఏరు చెప్పిన చోటికి పోతుంది, డ్రైవర్ చెప్పిన చోటికి కాదు.

సరే, నీళ్లు నెమ్మదిగానే ఉన్నాయనుకోండి. అప్పుడైనా అసలు కష్టం అవతలి గట్టు ఎక్కడంలో ఉంది. నాకది పంజాబ్‌లో ఒక కాలువ దగ్గర తెలిసింది.

చలికాలం, ఇంకా పూర్తిగా తెల్లారలేదు. దిగే ముందు అడుగున ఉండే ప్లగ్గులన్నీ బిగించి ఉన్నాయా, తలుపుల రబ్బర్లు సరిగా ఉన్నాయా, నీళ్లు తోడే పంపులు ఆడుతున్నాయా అని మాకు నేర్పించే ఉస్తాద్ ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూశాడు. ముందర రేకు పైకి లేపాం. అది లేపకపోతే అల మూతి మీదికి ఎక్కుతుంది. లేపితే డ్రైవర్‌కు మామూలు అద్దంలో ఆ రేకు వీపు తప్ప ఏమీ కనబడదు. అందుకే పొడుగు పెరిస్కోప్ పెడతారు. ఆ పొద్దు దాని మీద మంచు పట్టేసింది. చెవిలో కమాండర్ గొంతు ఒక్కటే నాకు దిక్కు. "సీదా... సీదా... థోడా బాయే..." వెనకాల ఏడుగురు జవాన్లు కూర్చుని ఉన్నారు. ఒక్కరూ మాట్లాడలేదు.

నీళ్లమీద బాగానే పోయాం. మాకంటే ముందు రెండు బండ్లు అదే చోట గట్టెక్కాయి. వాటి ట్రాకులకు ఆ నేలంతా నారుమడి మాదిరి అయిపోయింది. నా బండి మూతి లేచింది, ట్రాకులు బురదలో ఉత్తగా తిరిగాయి, బండి వెనక్కి జారింది. తోక మునగడం నడుముకు తెలిసింది. ఇంకా ఎక్సిలేటర్ తొక్కి ఉంటే ట్రాకులు ఇంకా లోతుకు తవ్వుకునేవి. "రుకో, రుకో" అని కమాండర్ అరిచాడు. బండిని మళ్లీ నీళ్లలోకి తీసుకున్నాను.

అప్పుడు గట్టు మీద నిలబడి చూస్తా ఉన్న ముసలి సర్దార్జీ ఒకాయన, కర్రతో కిందివైపు చూపించాడు. ఇరవై ముప్పై అడుగుల దూరంలో ఆయన బర్రెలు నీళ్లు తాగడానికి దిగే రేవు ఉంది. బర్రెలు ఏళ్ల తరబడి తొక్కి తొక్కి అక్కడ నేల రాయి మాదిరి గట్టిపడి ఉంది, వాలు కూడా తక్కువ. అక్కడికి తిప్పాను. ఒక్క ఊపున ఎక్కేసింది.

గట్టు చూడడానికి, లోతు కొలవడానికి ఆర్మీ ఇప్పుడు బీఎంపీ మీదనే ప్రత్యేకంగా ఒక బండి చేయించింది. లోతు చెప్పే ఎకో సౌండర్, ప్రవాహం కొలిచే మీటరు అందులోనే ఉంటాయి. మంచిదే. అయినా ఆ సర్దార్జీ లాంటి మనిషి ఒకడు గట్టు మీద ఉండాలంటాను. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో అక్కడి మేఘనా నది దగ్గర జరిగిందీ అదే. వంతెన పాకిస్తాన్ వాళ్లు పేల్చేశారు. మన పీటీ-76లు తేలే ట్యాంకులే, కానీ అరగంట ఈదేసరికి ఇంజన్లు వేడెక్కేవి. మేఘనా అరగంటలో తెగే నది కాదు. అక్కడి జనం తమ పడవలతో వాటిని లాగి అవతలికి చేర్చారు.

ఇక మన ఏటి సంగతి. 2021 నవంబరులో కల్యాణి డ్యామ్ గేట్లు ఎత్తాక స్వర్ణముఖి ఎట్లా వచ్చిందో మా పక్క వాళ్లకు చెప్పక్కర్లేదు. తిరుచానూరు దగ్గర ఒక ఇల్లు నిలువునా ఏట్లోకి ఒరిగిపోయిన వీడియో మీరూ చూసే ఉంటారు. ఇల్లు నిలవని గట్టు మీద 14 టన్నుల బండి ఎట్లా ఎక్కుతుంది? ఆ రోజు మా ఊరి దగ్గర గట్టున నిలబడి ఉంటే పక్కింటి పిల్లోడు, "అన్నా, మీ బండి ఒకటి ఉంటే అవతలోళ్లను తెచ్చేద్దుము కదా" అన్నాడు. నా కళ్లు అప్పటికే అవతలి గట్టంతా వెతుకుతా ఉన్నాయి. ఎక్కే చోటు ఒక్కటీ దొరకలేదు.

నా చిన్నప్పుడు అక్కడే ఎద్దుల బండ్ల రేవు ఉండేది. చెరకు తోలే బండ్లు బరువుతో దిగి బరువుతో ఎక్కేవి. ఇప్పుడది లేదు. ఇసుక కోసం తవ్వి తవ్వి గట్టును గోడ మాదిరి నిలువుగా చేసి పెట్టారు. వరద తీశాక దిగి చూస్తే ఒకచోట గుంత నాకు రెండు నిలువుల లోతు ఉంది. ఆ గుంతల్లో నీళ్లు సుడి తిరుగుతాయి. ఇసుక లోడుకు వచ్చే నాలుగు డబ్బుల కోసం ఊరి ప్రాణం పోయే దారి తవ్వుకుంటున్నాం. ఇది రాస్తా ఉంటే కూడా నాకు కడుపు మండుతోంది.

రష్యా వాళ్ల పీటీఎస్ తెచ్చుకుంటే సరి అని కూడా కొందరు అంటారు. అది గొప్ప బండే. రెండు ప్రొపెల్లర్లతో నీళ్లమీద 10 టన్నులు మోస్తుంది, మనుషులైతే 72 మంది. కానీ అదీ ట్రాకులతోనే గట్టెక్కాలి.

మీ ఊరి దగ్గర పాత బండ్ల రేవు గానీ, పశువులు దిగే రేవు గానీ ఇంకా మిగిలి ఉంటే ఊరి పేరు, చోటు కింద రాయండి. చంద్రగిరి నుంచి శ్రీకాళహస్తి దాకా నేను ఒక నోటుబుక్కులో రాసి పెడుతున్నాను. ఇప్పటికి పదకొండు అయ్యాయి.