మేనమామను పిలవడానికి ఎవరి అనుమతి?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మావారిది ఒక పార్టీ, విజయవాడ పటమటలో ఉండే మా అన్నయ్యది ఇంకో పార్టీ. 2024 జూన్ 4న ఫలితాలు రాగానే మావారు టపాసులు కాలుస్తున్న వీడియో ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అన్నయ్య గ్రూపులోంచి వెళ్లిపోయాడు. అప్పటినుంచి మాకూ వాళ్లకూ మాటల్లేవు. వచ్చే నెల మా పాప ఓణీల ఫంక్షన్. అన్నయ్య వస్తే గొడవవుతుందని మావారు అంటున్నారు. పిలవాలా, వద్దా?

జవాబు: అదసలు ప్రశ్నేనా అమ్మా? మేనమామ పెట్టే లంగా ఓణీ లేకుండా అది ఓణీల ఫంక్షన్ ఎలా అవుతుంది! పిలుస్తారు, అంతే.

నాకు గుచ్చుకున్నది మీరు రాసిన ‘మాకూ వాళ్లకూ’. పోట్లాడుకున్నది బావా బావమరుదులు. మరి మీరెందుకు మానేశారు? గంట ప్రయాణం చేసి అన్నను చూడటానికి మీకు అడ్డొచ్చింది పార్టీ కాదు, మీ ఆయన మొహం మాడ్చుకుంటారన్న భయం. తోబుట్టువుతో మాట్లాడటానికి మొగుడి అనుమతి అక్కర్లేదు. ముందు మీ అన్నాచెల్లెళ్ల మాట కలవాలి, వాళ్లిద్దరి సంగతి తర్వాత.

2019లో 175 సీట్లకి 151 వచ్చినప్పుడు మీ అన్నయ్య గ్రూపులో ఏం పెట్టారో మీరు రాయలేదు. 2024లో కూటమికి 164 వచ్చాక మీ ఆయన బదులు తీర్చుకున్నారనే నా అనుమానం. అయినా ఇప్పుడు తగ్గాల్సింది గెలిచినవైపే. ఓడినవాణ్ణి ముందు సర్దుకోమంటే అది రెండో ఓటమిలా తగులుతుంది.

కార్డులు బయటికి పంచకముందే కుంకుమ భరిణెతో దంపతులిద్దరూ వెళ్లండి. చర్చా కార్యక్రమాలు మొదలయ్యే సాయంత్రం వద్దు, పొద్దున్నే వెళ్లండి. న్యూస్ ఛానెల్ నడుస్తుంటే టీవీ ఆపమని వదినకు ముందే చెప్పండి. మీ ఆయన ఒక్క ముక్క అంటే చాలు: ‘ఆ వీడియో పెట్టడం నాదే తప్పు బావా.’ దాని తర్వాత ‘కానీ’ వచ్చిందా, మళ్లీ మొదటికే. రాజధాని మాటో పథకాల మాటో వస్తే మీ అన్నయ్యను పూర్తిగా చెప్పనివ్వాలి. ‘నువ్వనేది ఇదేగా’ అని ఆయన మాటే తిరిగి చెప్పి, ఆయన అవునన్నాకే జవాబు. ఈ ఒక్క పద్ధతితో సగం కేకలు తగ్గుతాయి. గొంతు లేస్తే కాఫీ గ్లాసులు తీసే వంకతో లేవండి. మండిన బుర్ర చల్లబడటానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది.

ఫ్లెక్సీ సంగతి మర్చిపోకండి. మన దగ్గర పాప ఫొటో కంటే నాయకుడి ఫొటో పెద్దదిగా ఉంటుంది! ప్రింటింగ్‌కి ఇచ్చే ముందు డిజైన్ మీరే చూడండి; ఏ మూలా నాయకుల ఫొటోలు, పార్టీ రంగులు ఉండకూడదు. కండువాతో వచ్చిన అతిథిని స్టేజీ మీద అన్నయ్య పక్కన నిలబెట్టకండి. బావా బావమరుదులిద్దరికీ వడ్డన అప్పజెప్పండి. సాంబారు బకెట్ చేతిలో ఉన్నవాళ్లకు వాదించే తీరిక ఉండదు.

అన్నయ్య మళ్లీ గ్రూపులోకి వచ్చాక ఫార్వర్డ్‌లతో జాగ్రత్త. రెండు బాణాల గుర్తుతో వచ్చేవి అప్పటికే చాలా చేతులు మారినవి. అలాంటివి అడ్మిన్ అందరికీ కనపడకుండా తీసేయొచ్చు. మొదట తీసేది మీ ఆయనవే అయ్యుండాలి, లేకపోతే అన్నయ్య నోరు నొక్కడానికే ఈ రూలు పెట్టారనుకుంటారు.

ఇవన్నీ తర్వాత. ఇవాళ సాయంత్రమే వదినకు ఫోన్ చేసి పాప జాకెట్టు కొలతలు చెప్పండి. దర్జీకి టైము కావాలిగా.