జనగణన ఫారంలో ‘సెమినోల్’ అని రాస్తే ఆ తెగలో సభ్యత్వం వస్తుందా?

రాదండి. మీ కోడలి నాయనమ్మ సెమినోల్ (అమెరికా మూలవాసుల్లో ఒక తెగ) అని వాళ్లింట్లో చెప్పుకుంటారు కాబట్టి 2020 జనగణనలో అలాగే రాశామన్నారు. రాయడంలో తప్పేం లేదు. కానీ అది చూపించి మనవలని తెగలో నమోదు చేయించడం కుదరదు.

మేం ఫ్లోరిడాలో, టాంపాలో ఉంటాం. ఆ ఏడాది ఫారం ఆన్‌లైన్‌లో నింపుతుంటే మా మామగారు పక్కన కూర్చుని ‘అమెరికన్ ఇండియన్’ (అంటే అక్కడి మూలవాసులు) దగ్గర టిక్కు పెట్టమన్నారు. “అమెరికాలో ఉన్న ఇండియన్సే కదమ్మా మనం!” అని ఆయన వాదన. (మనకి 1980 నుంచి ‘ఏషియన్ ఇండియన్’ అని వేరే గడి ఉంది.) నవ్వుకున్నాంగానీ, ఆయన మాట విని ఉంటే ఫారం అడ్డు చెప్పేదేమీ కాదు. ఏ తెగ అని అడిగేది, అంతే. రుజువు అడగదు. 1960కి ముందు ఇంటికొచ్చిన గణకుడే మనిషిని చూసి జాతి రాసుకునేవాడు, ఇప్పుడు ఎవరిది వాళ్లే చెప్పుకుంటారు.

తెగ దగ్గర అలా చెల్లదు. పైగా సెమినోల్ తెగ ఒక్కటి కాదు. 1835-42 యుద్ధంలో ఎక్కువమందిని ఫ్లోరిడా నుంచి పడమటికి, ఇప్పటి ఓక్లహోమాకి తరిమేశారు. దక్షిణ ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిలో దాక్కుని మిగిలినవాళ్లు ఎంత కొద్దిమందంటే, 1880-81 చలికాలంలో క్లే మెకాలే అనే ఆయన వెళ్లి లెక్కపెడితే 208 మంది తేలారు! ఫ్లోరిడాలోనే బిగ్ సైప్రస్‌లో వాళ్ల మ్యూజియం చూసొచ్చాక ఆ అంకె నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఫ్లోరిడా తెగవాళ్లు 1957 నాటి తమ మూల జాబితాతో సంబంధం చూస్తారు, పావు వంతు ఫ్లోరిడా సెమినోల్ రక్తం ఉండాలంటారు. ఓక్లహోమావాళ్లకి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తయారైన డాజ్ జాబితా (ప్రభుత్వం రాయించిన తెగ సభ్యుల జాబితా) ముఖ్యం. అందులోని పూర్వీకుడి నుంచి పిల్లల దాకా జనన ధృవపత్రాలు గొలుసులా కలవాలి. నల్లజాతి సెమినోల్‌ల పేర్లు అందులో విడిగా ఉంటాయి, అవీ వెతకండి.

పాత జనగణన కాగితాలు ఆనవాళ్లకి పనికొస్తాయి. 72 ఏళ్లయితేగానీ బయటపెట్టరు కాబట్టి ప్రస్తుతానికి 1950 దాకానే దొరుకుతాయి. ఇవి కాక, 1885 నుంచి 1940 దాకా ఇండియన్ వ్యవహారాల శాఖ వేరే జాబితాలు రాయించింది.

ముందు ఆ నాయనమ్మ పుట్టిన ఊరేదో కనుక్కోండి. ఓక్లహోమాలో వివోకా చుట్టుపక్కల అయితే డాజ్ జాబితాతో మొదలుపెట్టండి.