నీస్ ట్రిప్ నుంచి వచ్చాక మాటల్లేవు, కలిసి తిరగడమే మానేయాలా?

ప్రశ్న: మేం మ్యూనిక్ లో ఉంటాం, పెళ్ళై మూడేళ్ళు, ఇద్దరం జాబ్ చేస్తాం. అసెన్షన్ డే గురువారం సెలవొస్తే శుక్రవారం లీవ్ పెట్టి నాలుగు రోజులు ఫ్రాన్స్ లో నీస్ వెళ్ళాం. మా ఆయన ఎక్సెల్ షీట్ వేసి విల్‌ఫ్రాంష్, మొనాకో, మాంటోన్, బోర్డర్ దాటి ఇటలీలో వెంటిమీలియా సంత, ఎజ్, సెయింట్ పాల్, ఆంటీబ్, కాన్ అన్నీ పెట్టేశారు. చూపిస్తే మీ ఇష్టం అన్నాను. శనివారం ఎజ్ కి కింద స్టేషన్ నుంచి కొండ ఎక్కించారు, నేను మామూలు చెప్పులతో వెనకబడిపోయా, ఆయన వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు. పైన పొద్దున నీస్ లో కొన్న ఉల్లిపాయ పిజ్జా లాంటిది పెడితే అందులో చేప ఉంది, శనివారం నేను తిననని కూడా గుర్తులేదా అని అరిచాను. సాయంత్రం మా అత్తగారు స్టేటస్ లో ఫొటోలు చూసి ఫోన్ చేసి తిరుగుళ్ళేనా, పిల్లల సంగతి ఏమైనా ఉందా అంటే ఆయన నవ్వేసి ఫోన్ నాకిచ్చారు. వచ్చి పది రోజులైంది, అవసరానికి తప్ప మాటల్లేవు. ఇంత ఖర్చుపెట్టి తీసుకెళ్తే ఇదా అంటారు. ఇక ట్రిప్పులు మానేయాలా?

జవాబు: మానేయక్కర్లేదమ్మా. ట్రిప్పులు మానేస్తే మ్యూనిక్ లో కూర్చుని ఇదే గొడవ పడతారు, అక్కడైతే కనీసం సముద్రం ఉంది.

నువ్వు రాసింది ఒక గొడవ కాదు, మూడు. కొండ, చేప, ఫోన్. మూడూ ఒకే రోజు జరిగాయి కాబట్టి నీకు ఒకటే ముద్దలా కనిపిస్తున్నాయి, కానీ వాటి బరువు ఒకటి కాదు.

చేప సంగతి ముందు తీసేద్దాం. నువ్వు చెప్పేదాన్ని బట్టి అది పిస్సలదియేర్, నీస్ వాళ్ళ సొంత తిండి, పైన ఉల్లిపాయ బాగా మగ్గించి వేస్తారు, ఆంచోవీ అనే చిన్న చేప పెడతారు, ఒక్కోసారి ఆ చేప పేస్ట్ కూడా కలిపేస్తారు, చూస్తే మాత్రం ఉల్లిపాయ పిజ్జాయే అనుకుంటాం. ఎవరైనా మోసపోతారు. అతను నీ శనివారం మర్చిపోలేదేమో, చేప లేదనుకునే కొన్నాడేమో, అడిగావా? అదే ఊళ్ళో సొక్కా అని శనగపిండి, ఆలివ్ ఆయిల్ తో కట్టెల పొయ్యిలో కాల్చే అట్టు దొరుకుతుంది, అది తెచ్చుంటే ఈ గొడవే లేదు. దీన్ని మనసులో పెట్టుకోకు.

ఇక కొండ. ఎజ్ ఊరు సముద్రానికి 400 మీటర్ల పైన ఉంటుంది, మీరు ఎక్కిన దాన్ని జర్మన్ తత్వవేత్త నీషే పేరుతో నీషే దారి అంటారు, రాళ్ళు, మెట్లు, నడవగలిగిన వాళ్ళకే గంట దాటుతుంది, ఎండలో చెప్పులతో ఇంకా కష్టం. నీస్ నుంచి ఊరి దాకా బస్సుంది. చెప్పులు చూసైనా బస్సెక్కుదాం అనాల్సింది అతను. ముందు వెళ్ళిపోవడం ఇంకా తప్పు, నీకు నొప్పి అక్కడే తగిలింది, కాళ్ళ నొప్పి కాదది. అయితే ఒకటుంది, ఫ్రాన్స్ లో చాలా చోట్ల మధ్యాహ్నం రెండు దాటితే వంట ఆపేస్తారు, మళ్ళీ రాత్రి ఏడుకే. షీట్ లో లంచ్ టైమ్ రాసుకున్న మనిషికి ఆ టెన్షన్ ఉంటుంది, నీ వెనక్కి చూడకుండా నడిచింది కోపంతోనా కంగారుతోనా అనేది నీకు ఇప్పటికీ తెలీదు, ఎందుకంటే పది రోజులుగా మీరు మాట్లాడుకోలేదు.

ఇప్పుడు నీకు నచ్చని మాట ఒకటి. షీట్ చూపిస్తే మీ ఇష్టం అన్నావు. ఇష్టం లేదని అప్పుడు చెప్పలేదు, నాలుగు రోజుల్లో ఎనిమిది ఊళ్ళేంటి అని అడగలేదు, మనసులో ఒకటి పెట్టుకుని చూశావు. నీస్ నుంచి విల్‌ఫ్రాంష్ కి రైల్లో పది నిమిషాల లోపే, మొనాకోకి అరగంట లోపే, మాంటోన్ కి నలభై నిమిషాలు, అవి చూస్తే ఎవరికైనా ఇంకో ఊరు కలపాలనిపిస్తుంది. షీట్ లో స్టేషన్ నుంచి ఎక్కాల్సిన మెట్లు కనపడవు, ఎండ కనపడదు, నీకు కాసేపు ఊరికే కూర్చోవాలని ఉన్నది అస్సలు కనపడదు. అది నువ్వే చెప్పాలి. ప్లానింగ్ భారమంతా అతని మీద వదిలేసి తర్వాత తప్పులు లెక్కపెట్టడం న్యాయం కాదమ్మా, అతనేమో నువ్వు బోర్ అవుతావని భయపడి ఊరి మీద ఊరు కలుపుకుంటూ పోయుంటాడు.

అసలు ఫోనే పెద్ద విషయం. నువ్వు దాన్ని ఒక్క లైన్ లో రాసి వదిలేశావు. అత్తగారు అడగడం కొత్త కాదు, మన ఇళ్ళల్లో పెళ్ళైన ఏడాదికే మొదలవుతుంది, కానీ ఆమె కొడుకుగా జవాబు చెప్పాల్సింది అతను. నవ్వేసి ఫోన్ నీ చేతిలో పెడితే జవాబుదారీ నువ్వొక్కదానివే అయ్యావు. అయితే పిల్లల గురించి మీరిద్దరూ ఎప్పుడైనా కూర్చుని మాట్లాడుకున్నారా? నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మాట్లాడుకోకపోతే అతని దగ్గర చెప్పడానికి జవాబే లేదు, అందుకే నవ్వాడు, అందుకే ఫోన్ నీకిచ్చాడు.

కాబట్టి ఈ రాత్రి మొదలుపెట్టాల్సింది కొండ దగ్గర కాదు, చేప దగ్గర అసలే కాదు. మీ అమ్మ అలా అంది అని కూడా మొదలుపెట్టకు, అక్కడితో అతను అమ్మ వైపు లాయర్ అయిపోతాడు. "అత్తయ్య అడిగినప్పుడు ఫోన్ నాకిచ్చేశారు, నాకు ఒంటరిగా అనిపించింది. పిల్లల గురించి మనం ఏమనుకుంటున్నామో ముందు మనం తేల్చుకుందాం, తర్వాత ఆవిడకి మీరే చెప్పండి" అని అను, అని ఆగు. అతను చెప్పేది మధ్యలో ఆపకుండా విను, ఇప్పుడే వద్దన్నా, కావాలన్నా, నాకు భయంగా ఉందన్నా. స్టేటస్ లు మాత్రం ఇంటికొచ్చాక పెట్టుకోమను, అందులో పోయేదేం లేదు.

మీ బవేరియాలో అసెన్షన్ తర్వాత మూడు వారాలకి ఫ్రోన్‌లైష్‌నామ్ అనే క్రైస్తవ పండగ సెలవు, అదీ గురువారమే. ఆ సెలవుకి ఫ్లైట్ బుక్ చేయకండి. ఎస్-బాన్ లోకల్ రైలెక్కి స్టార్న్‌బెర్గ్ సరస్సుకి వెళ్ళిరండి, ఎక్కడ కూర్చోవాలో నువ్వు చెప్పు, ఎప్పుడు తిరిగి బయల్దేరాలో అతను చెప్తాడు. చిన్న విషయంలా ఉంటుంది కానీ నీ మాట పైకి చెప్పడం నీకు అలవాటవ్వాలి, ఆగడం అతనికి అలవాటవ్వాలి.

మళ్ళీ ఆ కోస్తాకి వెళ్ళాలనిపిస్తే విల్‌ఫ్రాంష్ లోనే రూమ్ తీసుకోండి. నీస్ బీచ్ అంతా గులకరాళ్ళు, విల్‌ఫ్రాంష్ లో అయితే స్టేషన్ కిందే కాస్త ఇసుక బీచ్ ఉంది, హార్బర్ పక్కన ఫ్రెంచ్ కవి, చిత్రకారుడు జాన్ కాక్తో 1957లో బొమ్మలు వేసిన చిన్న చర్చి ఉంది, చేయడానికి ఇంకేం లేకపోయినా పొద్దు గడిచిపోతుంది. రోజుకి ఒక్క ఊరు చాలు, మధ్యాహ్నం ఒకటికల్లా భోజనానికి కూర్చోండి, సగం గొడవలు ఆకలి వల్లే.

ఖర్చుపెట్టి తీసుకెళ్ళా అన్న మాట కూడా వదిలేయొద్దు. నువ్వూ సంపాదిస్తున్నావు కదా, అతను తీసుకెళ్ళడం ఏంటి, నువ్వు వెళ్ళడం ఏంటి? ఈసారి టికెట్లు అతన్ని కొనమను, రూమ్ డబ్బులు నువ్వు కట్టు, బుక్ చేసే ముందే ఎంత దాకా పెట్టగలమో ఇద్దరూ అనుకోండి.